ఆర్కిటిక్‌లో కట్టడానికి ముందు: సర్వే, మట్టి పరీక్షలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేల గట్టిదా, మెత్తనిదా అన్నది మన దగ్గర మట్టిని బట్టి తేలుతుంది. ఆర్కిటిక్‌లో థర్మామీటరును బట్టి తేలుతుంది. సివిల్ చదువుతున్నవారు, సర్వే పనిలో ఉన్నవారు, ఊరికే ఆసక్తి ఉన్నవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. తెలుగులో రాలేదీ మంచే, గడ్డకట్టేదీ మంచే కాబట్టి ముందే ఒక మాట: ఇక్కడ ఆకాశం నుంచి రాలేదాన్ని హిమం అని, నేలలో గడ్డకట్టి ఉన్న నీటిని మంచుగడ్డ అని అంటాను.

పర్మాఫ్రాస్ట్ అంటే ఏమిటి? అది ఎంత లోతు ఉంటుంది?

వరసగా రెండేళ్లకు తగ్గకుండా సున్నా డిగ్రీల దగ్గరో, అంతకు తక్కువలోనో ఉన్న నేల ఏదైనా పర్మాఫ్రాస్టే. ఈ నిర్వచనంలో నీటి మాట లేదని గమనించండి. చుక్క నీరు లేని బండరాయి కూడా పర్మాఫ్రాస్టే కావచ్చు, సగానికి సగం మంచుగడ్డ ఉన్న ఒండ్రు కూడా కావచ్చు. మొదటిదాని మీద నిశ్చింతగా ఇల్లు కట్టుకోవచ్చు. రెండోదాని మీద కట్టాలంటే ఈ పేజీ అంతా చదవాలి.

లోతు విషయానికొస్తే, అలాస్కాలోని ప్రూడో బే దగ్గర 600 మీటర్లకు పైగా ఉంది. సైబీరియాలోని యాకుత్స్క్‌లో ఫ్యోదర్ షేర్గిన్ అనే వ్యాపార ప్రతినిధి 1828లో మంచినీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1837 దాకా తవ్వి 116 మీటర్లు దిగినా గడ్డకట్టిన నేల దాటలేదు. వెయ్యి అడుగుల బోరు వేసినా నీళ్లు పడని అనంతపురం రైతు బాధ మనకు తెలుసు. షేర్గిన్‌ది వేరే రకం బాధ: అతనికి దారి పొడవునా నీరు ఉంది, గడ్డకట్టి ఉంది. బావిగా పనికిరాని ఆ గొయ్యి శాస్త్రానికి బాగా పనికొచ్చింది. 1840లలో అలెగ్జాండర్ మిడెండార్ఫ్ అందులో వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచాడు. నేలను దాని ఉష్ణోగ్రతతో చదవడం అనే పద్ధతికి అది తొలి మెట్లలో ఒకటి.

పర్మాఫ్రాస్ట్ పైన ఏటా వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకట్టే పొర ఒకటి ఉంటుంది. చోటును బట్టి అది జానెడు నుంచి రెండు మీటర్ల దాకా ఉండవచ్చు. దీన్ని ఇక్కడ కరిగే పొర అంటాను. సర్వేయర్ల తలనొప్పులు చాలావరకు ఇందులోనే పుడతాయి.

గడ్డకట్టిన నేల కాంక్రీటులా గట్టిగా ఉంటుంది కదా, పునాదికి ఇంకేం కావాలి?

గట్టిగానే ఉంటుంది, గడ్డకట్టి ఉన్నంతసేపు. చిక్కు ఎక్కడుందో ఒక చిన్న పరీక్ష చూపిస్తుంది. బోరు నుంచి తీసిన మట్టి కడ్డీలోంచి 1000 మిల్లీలీటర్ల ముక్క కోసి, పారదర్శకమైన జాడీలో వేసి కరగనివ్వండి. మర్నాటికి బురద అడుగున పేరుకుంటుంది, పైన నీరు తేరుకుంటుంది. ఆ నీరు 400 మిల్లీలీటర్లు ఉందనుకుందాం. గడ్డగా ఉన్నప్పుడు అది సుమారు 436 మిల్లీలీటర్ల చోటు ఆక్రమించింది. అంటే ఆ మట్టిలో దాదాపు 44 శాతం అదనపు మంచుగడ్డ: మట్టి రేణువుల సందుల్లో పట్టనంత, రేణువులను ఎడం చేసి కూర్చున్నంత. ఇలాంటి నేల 3 మీటర్ల లోతు వరకు కరిగితే, పైన బరువేమీ లేకపోయినా సుమారు 1.3 మీటర్లు కుంగుతుంది. పైగా అంతా ఒకేలా కుంగదు. ఇంటి ఒక మూల కుంగి, పక్క మూల నిలబడితే గోడ నిలువునా చీలుతుంది.

నల్లరేగడిలో ఇళ్లు కట్టినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ నేల కూడా కొలిచిన రోజు ఒకలా, ఆర్నెల్లకు మరొకలా ఉంటుంది. తేడా ఏమిటంటే రేగడి తడిని బట్టి మారుతుంది, ఇది వేడిని బట్టి మారుతుంది.

మరి అక్కడ మట్టి పరీక్ష ఎలా చేస్తారు?

మొదట మన దగ్గర అలవాటైన ఒక పద్ధతిని పక్కన పెట్టాలి. బోరులో సుత్తి దెబ్బలు లెక్కపెట్టే ఎస్‌పీటీ పరీక్ష గడ్డకట్టిన నేలలో దాదాపు అర్థం లేనిది. దెబ్బల సంఖ్య బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఆ గట్టిదనం మట్టిది కాదు, మంచుగడ్డది. ఆ అంకెను నమ్మి డిజైను చేయడమంటే అప్పు తెచ్చిన డబ్బును ఆస్తిగా రాసుకోవడమే.

కావలసింది కడ్డీ నమూనా. మామూలు బోరింగ్‌లో వేడెక్కిన ములికిని నీటితో చల్లబరుస్తారు. ఇక్కడ ఆ నీరే నమూనాను కరిగించేస్తుంది. అందుకే చల్లబరిచిన ఉప్పునీటినో, చల్లటి గాలినో పంపుతారు. తక్కువ లోతుకైతే నీరే లేకుండా, చేతితో పట్టుకునే మోటారుతో మూడంగుళాల కడ్డీ తీస్తారు. బయటికి వచ్చిన కడ్డీ చూడటానికి బురద పూసిన కర్రలా ఉంటుంది. కత్తితో పై పూత గీకితే లోపలి సంగతి బయటపడుతుంది: బూడిదరంగు మట్టి మధ్య వెంట్రుకంత సన్నని మంచు గీతలు, అక్కడక్కడ గులకరాయి చుట్టూ గాజు తొడుగు, ఒక్కోసారి మోచేతి పొడవున మట్టే లేని స్వచ్ఛమైన గడ్డ. అప్పటికప్పుడే కొలబద్ద పెట్టి ఫోటో తీసి, లాగ్ పుస్తకంలో రాయాలి. గది వెచ్చదనంలోకి తీసుకెళ్లి తీరిగ్గా రాద్దామంటే రాయడానికి బురదే మిగులుతుంది.

రాయడానికి ఒక సంకేత భాష ఉంది. ఏఎస్‌టీఎం డీ4083 అనే ప్రమాణం ప్రకారం, కంటికి మంచుగడ్డ కనబడని మట్టికి ‘ఎన్’, కనబడేదానికి ‘వీ’. ఆపై ఉప గుర్తులు: పొరలు పొరలుగా ఉంటే ఒకటి, రాళ్లకు తొడుగులా ఉంటే ఒకటి, అడ్డదిడ్డంగా ఉంటే మరొకటి. అనుభవమున్న ఇంజినీరు ఈ గుర్తుల వరస చూడగానే నేల కరిగితే ఏమవుతుందో అంచనా వేయగలడు.

తర్వాత నమూనాలను ప్లాస్టిక్‌లో బిగించి చుట్టి, చల్లటి పెట్టెలో పెట్టి, గడ్డకట్టిన స్థితిలోనే ప్రయోగశాలకు పంపాలి. మట్టి పరీక్షలో రవాణా కూడా పరీక్షలో భాగమయ్యేది ఇక్కడే. దారిలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన నమూనా పైకి బాగానే కనిపిస్తుంది, కానీ దాని లోపలి అమరిక చెదిరిపోయి ఉంటుంది.

ఉష్ణోగ్రత కొలవడానికి అంత ప్రాధాన్యం ఎందుకు? ఒక్కసారి కొలిస్తే చాలదా?

చాలదు. మైనస్ 6 డిగ్రీల నేల, మైనస్ 1 డిగ్రీ నేల చూడటానికి ఒకటే. రెండూ గడ్డకట్టినవే, రెండింట్లోనూ గునపం దిగదు. కానీ పైల్ స్తంభాన్ని (పునాదిగా నేలలో లోతుగా దించే స్తంభం) పట్టి ఉంచే బిగువు సున్నాకు దగ్గరవుతున్న కొద్దీ వేగంగా పడిపోతుంది. మైనస్ 1 దగ్గర ఒండ్రులో, బంకమట్టిలో కొంత నీరు గడ్డకట్టకుండానే ఉంటుంది. పైన స్థిరమైన బరువు పెడితే అలాంటి నేల ఏళ్ల తరబడి మెల్లగా జారుతూ ఉంటుంది. ఒక డిగ్రీ మార్పు మైనస్ 8 దగ్గర పెద్ద విషయం కాదు, మైనస్ 1 దగ్గర అదే భవనం ఆయుష్షు.

అందుకే బోరు తవ్వాక పూడ్చేయరు. గొట్టం దించి, అందులో అడుగడుగున థర్మిస్టర్లు (ఉష్ణోగ్రత కొలిచే చిన్న సాధనాలు) కట్టిన తీగ వేలాడదీస్తారు. తవ్వినప్పుడు పుట్టిన వేడి తగ్గడానికే రోజులు, వారాలు పడుతుంది. ఆ తర్వాత కనీసం ఒక ఏడాది చక్రం చదవాలి. పై భాగంలో ఉష్ణోగ్రత కాలాన్ని బట్టి ఊగుతుంది. సుమారు 10 నుంచి 20 మీటర్ల లోతుకు వెళ్లాక ఆ ఊగిసలాట ఆగుతుంది. ఆ లోతులో ఉన్న అంకె ఆ నేల అసలు స్వభావం. కాంట్రాక్టరు తొందరపడి ఆగస్టులో ఒకసారి కొలిచి తెచ్చిన నివేదికను నేనైతే నివేదిక అనను.

బోర్లు తవ్వకుండా తెలుసుకునే మార్గం లేదా?

కొంతవరకు ఉంది. చదవడం వస్తే నేల తన గుట్టు తానే చెబుతుంది. పైనుంచి చూస్తే తేనెపట్టులా పలకలు పలకలుగా గీతలుంటే, ఆ గీతల కింద మంచు మేకులు ఉన్నట్టే. చలికి నేల బీటలు వారి, వసంతంలో ఆ బీటలోకి నీరు దిగి గడ్డకట్టి, వేల ఏళ్లపాటు ఏటా ఇదే జరిగితే ఏర్పడేవి అవి. చెట్లు తాగినవాడిలా తలో వైపు ఒరిగితే కింద నేల కరుగుతోందని గుర్తు. గుండ్రటి చిన్న చెరువులు వరసగా ఉంటే అక్కడ ఇప్పటికే కుంగింది. కెనడాలోని టుక్టోయాక్టుక్ చుట్టుపక్కల చదునైన నేలలో కొండల్లా లేచే పింగోల లోపల ఉండేది మంచుగడ్డే.

ఉపగ్రహాలు కూడా బాగా తోడ్పడుతున్నాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని పోలార్ జియోస్పేషియల్ సెంటర్ తయారు చేసిన ఆర్కిటిక్‌డెమ్‌లో ఆర్కిటిక్ నేలంతటి ఎత్తుపల్లాలు 2 మీటర్ల వివరంతో ఉచితంగా దొరుకుతాయి. రాడార్ ఉపగ్రహ చిత్రాలను పోల్చి, ఏటా ఎక్కడ ఎన్ని సెంటీమీటర్లు కుంగుతోందో చూడవచ్చు.

నేల మీద విద్యుత్ నిరోధం కొలిచే పద్ధతి ఉపయోగకరం, ఎందుకంటే మంచుగడ్డ విద్యుత్తును సులువుగా పోనివ్వదు. భూకంప తరంగాల వక్రీభవన పద్ధతితో గడ్డకట్టిన నేల పై హద్దు దొరుకుతుంది గానీ అడుగు దొరకదు. కింద ఉన్న కరిగిన నేలలో తరంగం నెమ్మదిస్తుంది కాబట్టి అది పైకి వంగి రాదు. ఈ పద్ధతులన్నీ బోరు ఎక్కడ వేయాలో చెబుతాయి. బోరు అవసరం లేదని చెప్పవు.

సముద్రతీరంలో వేరే జాగ్రత్తలు ఉంటాయా?

ఉప్పు. ఒకప్పుడు సముద్రం అడుగున ఉండి పైకి తేలిన బంకమట్టి గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్ (నార్వేకు చెందిన దీవులు) తీరాల్లో చాలా ఉంది. ఉప్పున్న నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. అందువల్ల థర్మామీటరు మైనస్ 2 చూపినా నేల సగం మెత్తగానే ఉండవచ్చు. ప్రతి నమూనాకూ లవణాల పరీక్ష తప్పనిసరి.

హద్దురాళ్లు, బెంచ్ మార్కులు (ఎత్తు కొలతలకు ఆధారంగా పెట్టే గుర్తులు) కదలకుండా ఎలా ఉంచుతారు?

ఇది సర్వేయర్ల ప్రశ్న, పెద్ద జవాబే ఉంది.

మన ఊళ్లలో హద్దురాయి జరిగితే పొరుగువాడిని అనుమానిస్తాం. అక్కడ పొరుగువాడి పాపమేమీ ఉండదు. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుందన్నది బడిలో చదివిందే, కానీ అసలు బలం అందులో లేదు. గడ్డకట్టే సరిహద్దు కింది తడిని, దీపం వత్తి నూనె పీల్చినట్టు, తన వైపు లాక్కుంటుంది. అలా లాగిన నీరు పలకలు పలకలుగా గడ్డకట్టి నేలను పైకి లేపుతుంది. లేచే నేల పాతిన గూటాన్ని చుట్టూ పట్టుకుని తనతో పాటు లేపుతుంది. వేసవిలో నేల దిగిపోయినా, గూటం కింద ఏర్పడిన ఖాళీలో మట్టి చేరడం వల్ల గూటం పూర్తిగా దిగదు. ఏటా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. పాత కంచె గుంజలు, టెలిఫోన్ స్తంభాలు వంకర టింకరగా పైకి లేచి ఉండటం అక్కడ మామూలు దృశ్యం.

దీనికి విరుగుడు, గూటం కాలును కరిగే పొర దాటించి పర్మాఫ్రాస్ట్‌లో లోతుగా దించడం. కరిగే పొర గుండా వెళ్లే భాగానికి విడి తొడుగు వేసి, మధ్యలో గ్రీజు నింపుతారు. నేల తొడుగును పట్టుకుని ఎంత లాగినా లోపలి కడ్డీకి తెలియదు. దగ్గర్లో బండ కనిపిస్తే ఇవేవీ అక్కర్లేదు, బండకే రంధ్రం వేసి మేకు దిగ్గొట్టడం అన్నింటికన్నా మేలు. ఏదైనా ఒక్క బెంచ్ మార్కును నమ్మకూడదు. మూడు పెట్టి, వెళ్లిన ప్రతిసారీ ఒకదానితో ఒకటి సరిచూడాలి.

బండ కూడా పూర్తిగా నిలకడైనది కాదు సుమా. మంచు యుగంలో మోసిన బరువు దిగిపోయాక ఉత్తరపు నేలలు ఇంకా పైకి లేస్తూనే ఉన్నాయి. స్వీడన్, ఫిన్లాండ్ మధ్య బోత్నియా సింధుశాఖ తీరంలో అది ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు. అందుకే అక్కడ ఎత్తు రాసేటప్పుడు పక్కన ఏ ఏడాది లెక్కో కూడా రాస్తారు.

జీపీఎస్ ఉంది కదా, ఇవన్నీ ఎందుకు?

జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి. అందుకని ఆర్కిటిక్‌లో అవి నడినెత్తికి రావు, చుట్టూ పక్కలనే తిరుగుతాయి. నిలువు కొలత దెబ్బతినేది ఇందువల్లే. రష్యా గ్లోనాస్ కక్ష్యల వాలు 64.8 డిగ్రీలు, ఉత్తరాదికి అవి కొంత నయం. రెండింటినీ కలిపి వాడటం ఇప్పుడు మామూలే. సవరణ సంకేతాలు పంపే భూస్థిర ఉపగ్రహాలు 78 డిగ్రీల అక్షాంశంలో క్షితిజానికి మూడు నాలుగు డిగ్రీల ఎత్తులో వేలాడుతుంటాయి. ఎదురుగా ఒక్క కొండ ఉంటే సంకేతం పోయినట్టే. ధ్రువకాంతులు ఆడే రాత్రి పై వాతావరణం చెదిరి రిసీవరు తికమకపడుతుంది. ఆకాశం ఎంత అందంగా ఉంటే కొలత అంత అధ్వానం.

పటాల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. భూగోళాన్ని నిలువు పట్టీలుగా విడదీసి పటం గీసే యూటీఎం పద్ధతిలో మామూలుగా 6 డిగ్రీల వెడల్పు మండలాలుంటాయి. స్వాల్‌బార్డ్ దగ్గర వాటిని 9, 12 డిగ్రీలకు పెంచి, 32, 34, 36 మండలాలను ఆ వరసలో ఎత్తేశారు. ఇది తెలియక సాఫ్ట్‌వేర్‌లో తప్పు మండలం ఎంచుకుంటే నిర్మాణ స్థలం కాగితం మీద సముద్రంలో తేలుతుంది.

దూరాలను, కోణాలను కొలిచే టోటల్ స్టేషన్ ఆ చలిలో పనిచేస్తుందా?

మామూలు పరికరాలు మైనస్ 20 వరకు, చలి కోసం చేసినవి మైనస్ 35 వరకు. బ్యాటరీలను చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. కటకం మీద ఊపిరి పడకూడదు, పడితే అక్కడే గడ్డకడుతుంది.

చాలామంది మరిచిపోయేది గాలి సవరణ. చల్లటి గాలి చిక్కనిది, అందులో కాంతి కొంచెం నెమ్మదిస్తుంది, దూరం ఎక్కువగా కనబడుతుంది. డిగ్రీకి కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున తేడా వస్తుంది. పరికరంలో 12 డిగ్రీలని వదిలేసి మైనస్ 35లో కొలిస్తే కిలోమీటరుకు దాదాపు 5 సెంటీమీటర్ల తప్పు. పైల్ స్తంభాల వరసకు అది చాలా ఎక్కువ.

పనికి ఏ కాలం మంచిది?

రెండూ కావాలి. బోరింగ్ యంత్రం కదలాలంటే చలికాలమే. వేసవిలో ఆ బురదనేల మీద బండి నడిపితే నాచు పొర చిరిగి, ఆ చక్రాల జాడలే దశాబ్దాల తర్వాత కాలువలవుతాయి. అందుకే అలాస్కా ఉత్తర వాలులో 30 సెంటీమీటర్ల లోతున నేల మైనస్ 5 డిగ్రీలకు చల్లబడి, పైన తగినంత హిమం పేరుకుంటే గానీ టండ్రా మీద బండ్లకు అనుమతి ఇవ్వరు. తీరప్రాంతంలో ఆ హిమం 6 అంగుళాలు ఉండాలి. కరిగే పొర మందం కొలవాలంటే మాత్రం వేసవి చివరే వెళ్లాలి. ఒక ఇనుప కడ్డీని గట్టి నేల తగిలేదాకా గుచ్చి చూడటమే ఆ పరీక్ష. దోమల కోసం తలకు వల తీసుకెళ్లండి.

నాచు గురించి మరొక్క మాట. 1942లో అలాస్కా హైవే వేసేటప్పుడు చాలాచోట్ల పై నాచును, మట్టిని గీకేశారు. కప్పు పోయిన నేల కరిగి, యంత్రాలు బురదలో కూరుకుపోయాయి. ఈ నేలల గురించి అమెరికా సైన్యం సీరియస్‌గా చదవడం మొదలుపెట్టింది అప్పుడే. పర్మాఫ్రాస్ట్ అనే మాట కూడా 1943లో సైన్యం కోసం సిమియన్ ముల్లర్ రాసిన నివేదికతోనే వాడుకలోకి వచ్చింది. 2017 నవంబరులో తెరిచిన ఇనువిక్-టుక్టోయాక్టుక్ రోడ్డును, ఆ పాఠం నేర్చుకున్నాక, ఎక్కడా నేలను తవ్వకుండా చలికాలంలో పైన మట్టి పోసుకుంటూ కట్టారు.

భూమి ఎవరి పేరు మీద ఉంటుంది?

దేశాన్ని బట్టి. గ్రీన్‌లాండ్‌లో ప్రైవేటు భూయాజమాన్యమే లేదు. ఇల్లు మీది కావచ్చు గానీ దాని కింది నేలను వాడుకునే హక్కు మాత్రమే ఇస్తారు. పట్టాదారు పాసు పుస్తకం కోసం జీవితంలో సగం తిరిగిన మనవాళ్లకు ఇది నమ్మశక్యం కాకపోవచ్చు. అలాస్కాలో 1971 చట్టం కింద స్థానిక తెగల సంస్థలకు విస్తారమైన భూములు దక్కాయి. అక్కడ బోరు వేయాలంటే ముందు వాళ్లను అడగాలి. ఎలాగూ అడగాలి కాబట్టి, ఏ చెరువు కొత్తది, ఏ గట్టు పోయిన ఏడాది జారింది అని కూడా అడిగితే మేలు. అక్కడి వేటగాళ్లకు తెలిసినంత ఏ పటంలోనూ ఉండదు.

ధ్రువపు ఎలుగుబంట్లు?

ఉంటాయి. స్వాల్‌బార్డ్‌లో ఊరి హద్దు దాటితే వాటిని బెదిరించి తరిమే సాధనం వెంట ఉండాలన్నది చట్టం. టోటల్ స్టేషన్‌లో కన్ను పెట్టినవాడికి వెనక ఏముందో కనబడదు కాబట్టి, కాపలాకే ఒక మనిషిని పెట్టుకుంటారు.

పరీక్షల వల్ల నిజంగా డిజైను మారిన ఉదాహరణ ఉందా?

అన్నింటికన్నా పెద్దది ట్రాన్స్ అలాస్కా పైప్‌లైను. 1,287 కిలోమీటర్ల గొట్టాన్ని దాదాపు అంతా నేలలో పూడ్చాలన్నది మొదటి ఆలోచన. అందులో పారేది వేడి నూనె. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త ఆర్థర్ లాకెన్‌బ్రూక్ 1970లో లెక్క కట్టి చూపించారు: అలా పూడిస్తే కొన్నేళ్లలోనే గొట్టం చుట్టూ 6 నుంచి 9 మీటర్ల వ్యాసం మేర నేల కరుగుతుంది. మంచుగడ్డ ఎక్కువున్న చోట అది జావలా మారి, వాలులో కదిలినా ఆశ్చర్యం లేదు. దాంతో దారి పొడవునా బోర్లు వేసి, ఎక్కడ పూడ్చవచ్చో, ఎక్కడ కూడదో విడదీశారు. చివరికి సగానికి పైగా పైప్‌లైను సుమారు 78,000 స్తంభాల మీద నేలకు ఎడంగా నిలబడింది. వాటిలో ఎక్కువ స్తంభాలకు అమోనియా నింపిన రెండేసి గొట్టాలు ఉంటాయి. చలికాలంలో నేల వేడికి అమోనియా ఆవిరై పైకి లేచి, చల్లబడి మళ్లీ కిందికి జారుతూ నేలలోని వేడిని బయటికి పారబోస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు.

డెనాలి అనే భూకంప పగులును దాటే చోట భూగర్భ శాస్త్రవేత్తల అంచనా ప్రకారం గొట్టాన్ని అడ్డంగా జారగలిగేలా దూలాల మీద పెట్టారు. 2002 నవంబరు 3న 7.9 తీవ్రతతో భూకంపం వచ్చి అక్కడ నేల నాలుగు మీటర్లకు పైగా పక్కకు జరిగింది. చుక్క నూనె కూడా ఒలకలేదు.

స్థలమే బాగా లేదని తేలితే?

వదిలేయడమూ ఒక ఫలితమే. కెనడాలో మెకెంజీ నది డెల్టాలోని అక్లావిక్ ఊరికి వరదలు, మంచుగడ్డ నిండిన ఒండ్రునేల అడ్డుపడ్డాయి. 1954లో సర్వే బృందం చుట్టుపక్కల చోట్లను పరిశీలించి, కంకర దొరికే, విమానాశ్రయానికి వీలున్న ఎత్తైన చోటును ఎంచుకుంది. అదే ఇప్పటి ఇనువిక్. ఇళ్లన్నీ పైల్స్ మీద, నీళ్ల గొట్టాలు నేలకు పైన పెట్టెల్లో. అక్లావిక్ జనం కొందరు కదలలేదు, ఆ ఊరు ఇప్పటికీ ఉంది.

అన్నీ చేసినా తప్పులు జరుగుతాయా?

జరుగుతాయి. స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారం ప్రవేశ సొరంగంలోకి 2016 అక్టోబరులో నీరు చేరింది. విత్తనాలకు ఏమీ కాలేదు. తవ్వినప్పుడు చెదిరిన నేల మళ్లీ గడ్డకట్టుకుంటుందని ఎదురుచూశారు, అది గడ్డకట్టలేదు. తర్వాత సొరంగాన్ని నీరు చొరబడని కాంక్రీటుతో తిరిగి కట్టారు. 2020 మే 29న రష్యాలోని నోరిల్స్క్ దగ్గర ఒక ఇంధన ట్యాంకు ఆధారాలు కుంగి, సుమారు 21,000 టన్నుల డీజిల్ బయటికి పారింది.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. పాత నివేదిక చేతికొస్తే అందులో మట్టి వర్ణన నమ్మండి, ఉష్ణోగ్రతలు నమ్మకండి. రష్యా నిబంధనల్లో రెండు దారులున్నాయి: నేలను గడ్డకట్టిన స్థితిలోనే కాపాడుతూ కట్టడం, లేదా కరుగుతుందని ఒప్పుకుని దానికి తగ్గట్టు కట్టడం. మొదటి దారి ఎంచుకుని కట్టిన పాత భవనాలకు ఇప్పుడు ఆ నేలను కాపాడే ఖర్చు ఏటా పెరుగుతోంది.

మన దేశంలో ఈ విద్యకు పని ఉందా?

ఉంది. స్వాల్‌బార్డ్‌లోని న్యూ ఓలెసన్‌లో 2008 నుంచి మన హిమాద్రి పరిశోధన కేంద్రం ఉంది. లద్దాఖ్ ఎత్తుల్లోనూ పర్మాఫ్రాస్ట్ ఉంది, అక్కడ రోడ్లు వేస్తూనే ఉన్నాం.

ఒక్క బోరుకే డబ్బుంటే ఎక్కడ వేయాలి?

స్థలంలో అన్నింటికన్నా మంచిగా కనిపించే చోట వేయాలనిపిస్తుంది, యజమాని కూడా అదే అడుగుతాడు. అలా వేయకండి. వేసవిలో నీరు నిలిచే పల్లంలోనో, పలకల గీతలు కలిసే చోటో వేయండి. కరిగే పొర దాటగానే ఆపేయకుండా, పునాది కాలు దిగే లోతు కన్నా ఇంకా కిందికి వెళ్లండి. కడ్డీని అక్కడే గీకి, రాసి, ఒక ముక్క జాడీలో పెట్టండి. బోరు పూడ్చకుండా తీగ వేలాడదీసి, మూత వేసి, దాని తాళంచెవి ఆ ఊళ్లో ఉండే ఎవరికైనా ఇచ్చి రండి. నెలకోసారి వెళ్లి అంకెలు రాసేది ఆయనే.